ఒంటికన్ను గొట్టం

కాంతి పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, అమెరికాలో వేటగాళ్లు బైనాక్యులర్లో చూస్తూ మీట నొక్కితే జింక ఎన్ని గజాల దూరంలో ఉందో అంకె పడుతుందట. దానికెలా తెలుస్తుంది సార్?" లేజర్ అని ఒక్క మాట చెప్పి కూర్చోబెట్టొచ్చు. కానీ లేజర్ పుట్టకముందు డెబ్బై ఏళ్లపాటు వట్టి గాజు ముక్కలతోనే ఆ పని నడిచింది. నాకు ముచ్చటంతా ఆ పాత గొట్టం మీదే.

చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు వెనక గోడ మీద అటూ ఇటూ గెంతుతుంది. వేలు దూరంగా ఉన్నకొద్దీ గెంతు చిన్నది. ఆ గెంతు కోణమూ, కళ్ల మధ్య ఎడమూ తెలిస్తే మిగతాది త్రిభుజం లెక్క. చిక్కల్లా ఆ ఎడం ఆరున్నర సెంటీమీటర్లే కావడం.

1888లో బ్రిటిష్ సైన్యం దూరం కొలిచే పరికరం కావాలని ప్రకటన ఇచ్చింది. లీడ్స్‌లో పాఠాలు చెప్పుకునే ఇద్దరు ప్రొఫెసర్లు, ఇంజనీరింగ్ చెప్పే ఆర్చిబాల్డ్ బార్, భౌతికశాస్త్రం చెప్పే విలియం స్ట్రౌడ్, దాన్ని చూసి రంగంలోకి దిగారు. సైన్యం వాళ్ల పరికరాన్ని కాదంది. నౌకాదళం కళ్లకద్దుకుంది.

వాళ్లు చేసింది పొడుగాటి అడ్డ గొట్టం. రెండు చివర్లా రెండు కిటికీలు. అక్కడ దూరిన కాంతి లంబకోణంలో మళ్లి గొట్టం మధ్యకు వస్తుంది. అక్కడ ఒకే కంటికి, ఓడ పైసగం ఒక కిటికీ నుంచి, కిందిసగం రెండో కిటికీ నుంచి కనిపిస్తాయి. ఓడ స్తంభం మధ్యలో విరిగినట్టు ఉంటుంది. చక్రం తిప్పి విరిగినచోట అతికించాలి. అతుక్కున్న క్షణాన దూరం స్కేలు మీద ఉంటుంది.

చెప్పడానికి తేలికే. 3 మీటర్ల గొట్టం తీసుకోండి. ఓడ 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే కొలవాల్సిన కోణం సుమారు 62 సెకన్లు. డిగ్రీని 3,600 భాగాలు చేస్తే వాటిలో 62. ఓడ ఇంకో వంద మీటర్లు జరిగితే కోణంలో తేడా ముప్పాతిక సెకను కూడా ఉండదు. లోపలి కటకం నాభ్యంతరం ఒక మీటరు అనుకుంటే ప్రతిబింబం కదిలేది 0.003 మిల్లీమీటర్లు. ఏ మర చక్రంతో అంత సన్నగా జరుపుతాం?

బార్, స్ట్రౌడ్ అసలు ప్రతిబింబాన్ని నేరుగా జరపనేలేదు. కాంతిని ఏ కాస్తో వంచే పల్చటి పట్టకాన్ని దారిలో పెట్టి, దాన్ని గొట్టం పొడవునా ముందుకూ వెనక్కీ నడిపారు. వంపు ఎప్పుడూ అంతే. కానీ పట్టకం ప్రతిబింబానికి ఎంత ఎడంగా ఉంటే వంగిన కాంతి అంత పక్కకు పడుతుంది. అర మీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున వంచే పట్టకమైతే, ఆ 0.003 మిల్లీమీటర్ల కోసం ఒకటిన్నర మిల్లీమీటర్లు నడవాలి. అయిదు వందల రెట్లు! స్కేలు గీతలు మాత్రం దగ్గరి దూరాలకు విడివిడిగా, దూరం పెరిగేకొద్దీ ఇరుకిరుగ్గా ఉంటాయి. దూరం రెట్టింపైతే పొరపాటు నాలుగింతలు. దానికి గొట్టం పొడిగించడం తప్ప పెద్దగా మందు లేదు.

మరో బెడద ఎండ. గొట్టం ఒకవైపు వేడెక్కి వెంట్రుకవాసి వంగినా, చివరి అద్దం తిరిగిన కోణానికి రెండింతలు కాంతి తిరుగుతుంది. అందుకే అద్దం బదులు అయిదు పలకల పట్టకం వాడారు. అందులో కాంతి రెండుసార్లు పరావర్తనం చెందుతుంది కాబట్టి పట్టకం ఆ తలంలో కాస్త తిరిగినా మలుపు మాత్రం 90 డిగ్రీలే.

జర్మనీలో జైస్ కంపెనీ దారి వేరు. అక్కడ కార్ల్ పుల్‌ఫ్రిచ్ రెండు కళ్లనూ పనిలో పెట్టాడు. చూసేవాడికి దృశ్యం లోతుగా కనిపిస్తుంది, మధ్యలో ఒక గుర్తు గాల్లో తేలుతుంది. అది ఓడంత దూరంలో ఉన్నట్టు అనిపించేదాకా జరపాలి. స్తంభం అక్కర్లేదు, పొగ కనిపించినా చాలు. కాకపోతే రెండు కళ్లూ లోతును చక్కగా పట్టే మనిషి కావాలి, వాడు అలసిపోకూడదు. విచిత్రం, పుల్‌ఫ్రిచ్‌కే తరవాత ఒక కంటి చూపు పోయింది. కళ్లతో లోతు భ్రమ కలిగే తీరును వివరించి తన పేరు శాశ్వతం చేసుకున్నాడు గానీ, అది ఆయన స్వయంగా చూడలేకపోయాడు.

1916 మే 31న జట్లండ్ సముద్ర యుద్ధంలో రెండు గొట్టాలూ ముఖాముఖి వచ్చాయి. మొదట్లో జర్మన్ల గురి బాగా కుదిరింది, బ్రిటిష్ లెక్కలు దూరాన్ని ఎక్కువ చూపించాయి. వెలుగు కూడా జర్మన్లకే అనుకూలించింది కనుక నేరమంతా గొట్టం మీద తోసెయ్యలేం. యుద్ధమయ్యాక కూడా బ్రిటన్ ఒంటికన్నునే నమ్ముకుంది. అతికిందా లేదా అన్నది ఎవడైనా చెప్పగలడు కాబట్టి నా ఓటూ దానికే.

తరవాతి కథ గబగబా నడిచింది. జపాన్ యుద్ధనౌక యమాటోకి 15 మీటర్ల గొట్టాలు ఎక్కాయి. అదే సూత్రం లైకా కెమెరాలో ఏడు సెంటీమీటర్లకు కుదించుకుపోయింది. 1960లో లేజర్ వచ్చాక త్రిభుజమే అక్కర్లేకపోయింది. కాంతి వెళ్లి తిరిగొచ్చే కాలం చూస్తే చాలు, 300 మీటర్లకు సెకనులో పది లక్షలో వంతులు రెండు. 1992లో లైకా కంపెనీ దాన్ని బైనాక్యులర్లోనే దూర్చింది.

మన దగ్గర వేట నేరం కాబట్టి అది కొనే పని మనకు లేదు. అమెరికా వేటగాడు మాత్రం కొనేముందు, రాసిన గరిష్ఠ దూరాన్ని నమ్మకూడదు. ఆ అంకె సాధారణంగా మెరిసే లోహపు పలకకు, జింక తోలుకు కాదు. పైగా కిరణం దూరం వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. జింక ముందున్న పొదకు తగిలి వెనక్కొస్తే పొద దూరమే చూపిస్తుంది. అందుకే మొదట తిరిగొచ్చిన కాంతిని వదిలేసి చివరి దాన్నే లెక్కపెట్టే సెట్టింగ్ ఉందో లేదో ముందు చూసుకోవాలి.