కారు రంగుపై రాతిదెబ్బ

వరంగల్లు నుండి వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు, మరిపెడల మీదుగా ఖమ్మము పోవు రహదారిపై కారు నడుపువారికి ఒక చప్పుడు పరిచితమే. ముందు పోవు లారీ చక్రము క్రింద నుండి కంకరరాయి ఎగిరి బానెట్టుపై టక్కున తగులును. ఇల్లు చేరి చూడగా మెంతిగింజంత మేర రంగు లేచిపోయి ఉండును. ఇంతే గదా యని కొందరు ఊరకుందురు. మచ్చ కనబడకున్న చాలునని మరికొందరు దొరికిన రంగు పూయుదురు. ఈ రెండును మేలు చేయవు.

కారు రంగు అలంకారము మాత్రమే కాదు. ఉక్కు రేకునకు కవచము. రేకును ఆనుకొని తుప్పును నిరోధించు పూత, దానిపై ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికిని మీద అద్దమువంటి క్లియర్ కోటు ఉండును. ఈ పొరలన్నియు కలిసి మిల్లీమీటరులో పదవ వంతో, అంతకు కొంచెము ఎక్కువో మందముండును. పై పొర మాత్రమే గీచుకొనినచో అందమునకే లోటు. దెబ్బ రేకు దాకా దిగినచో గాలిలోని ప్రాణవాయువును, తేమయు ఇనుముతో కలిసి తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక చుట్టునున్న మంచి రంగును కూడ పైకి లేపును. ఆ సందున మరల నీరు చేరును. రేకునకు జింకు పూత ఉన్నచో ఈ వ్యాప్తి మందగించునే గాని ఆగిపోదు. నేడు చుక్క రంగుతో పోవలసినది, కొన్ని వానకాలములు గడచిన పిదప టింకరింగు షెడ్డులో రేకు కోసి అతుకు వేయించు దాకా వచ్చును. కారును కిరాయికి నడుపుకొను కుటుంబమునకు అది కొన్ని దినముల సంపాదన.

కావున మొదట లోతు తెలిసికొనవలెను. మచ్చను కడిగి, ఆరనిచ్చి, పగటి వెలుతురున చూడుడు. అడుగున లోహపు మెరుపు గాని, గోధుమవన్నె గాని కనబడినచో రేకు బయటపడినట్లే. ప్లాస్టిక్కు బంపరునకు తుప్పు భయము లేదు.

రంగు కొనునప్పుడు తెల్లకారు, ఎఱ్ఱకారు అని చెప్పిన చాలదు. తలుపు చట్రము మీదనో, బానెట్టు క్రిందనో ఉండు చీటీపై రంగు సంకేతము ఉండును, దానినే అడుగవలెను. ఎండకు పాతరంగు వెలియును గనుక, ముందు అట్టముక్కపై ఒక చుక్క వేసి, ఆరిన తరువాత పోల్చి చూచుట మంచిది.

ఇక పని. నీడపట్టున, తేమ లేని దినమున, రేకు చల్లగా ఉన్నప్పుడు చేయవలెను. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి జిడ్డు, మైనము తొలగింపవలెను. తుప్పు ఉన్నచో వాటర్ పేపరును చిన్న ముక్కగా మడిచి, దాని కొనతో మచ్చలోపల మాత్రమే గీకవలెను. తుప్పుపై వేసిన రంగు నిలువదు. రేకు కనబడుచోట పలుచగా ప్రైమరు పెట్టి ఆరనీయవలెను. పిమ్మట అగ్గిపుల్ల కొనతో రంగును చుక్కగా గుంటలో నింపవలెను. కుంచెతో చుట్టును పులుమరాదు. రంగు ఆరినకొలది కుంగును గనుక, ఒక్కసారి మందముగా కాక రెండు మూడు పలుచని పొరలుగా వేయవలెను. చివర క్లియర్ కోటు. పొరకును పొరకును నడుమ ఎంత వ్యవధి కావలెనో డబ్బాపై ఉండును. ఆ మాట తప్పరాదు. కొన్ని దినములు గట్టిపడిన తరువాతనే, ఎత్తుగా నున్నచో 2000 నంబరు వాటర్ పేపరును తడిపి మెల్లగా సమము చేసి, రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టవచ్చును.

థిన్నరు, రంగు ఆవిరులు మండును, ఊపిరికి చెరుపు. పొయ్యికి, దీపమునకు దూరముగా, గాలి వీచుచోట, పిల్లలు లేనప్పుడు ఈ పని పెట్టుకొనుడు. మచ్చ శనగగింజకంటె పెద్దదైనను, చుట్టును రంగు ఉబ్బినను పనివాని కప్పగించుటయే మేలు. ఇంట చేసిన మరమ్మతు దగ్గరగా చూచిన కనబడును. అది లోపము కాదు. నీరు రేకును తాకకుండిన పని నెరవేరినట్లే.