ద్రావిడనాడు వేరుకాపురం – అందులో మన వంతు

అన్నదమ్ములు వేరుపడే ఇంట గోడలు పంచుకొనడం సులభం; బావిని పంచుకొనడమే కష్టం. దేశాల సంగతీ అంతే. పటం మీద ఎల్ల గీయడానికి ఒక్క దినం చాలు. దూది, నూలు, విద్యుత్తు, సుంకం, చదువు పంచవలసి వచ్చినప్పుడు అసలు తగవు బయటపడుతుంది. మన పెద్దలు కోయంబత్తూరులోను మధురలోను కాపురాలు చేస్తూ ఉండగా అటువంటి వేరుకాపురపు మాట ఒకటి పాతికేళ్లపాటు వినవచ్చినది. దాని పేరు ద్రావిడనాడు. నేటి మన పిల్లలలో చాలమందికి ఆ కథ తెలియదు. దానివల్ల మనకు కలిగినదేమో, పోయినదేమో ఒకసారి లెక్క చూసుకొనడం మంచిది.

1916లో పుట్టిన జస్టిస్ పార్టీలో తెలుగువారు ముఖ్యులు. పానగల్లు రాజా, బొబ్బిలి రాజా ఆ పార్టీ పక్షాన మద్రాసు రాజధానిని పాలించినవారే. 1937 ఎన్నికలలో ఓడిన పిమ్మట పార్టీ పెరియార్ రామస్వామి చేతికి వచ్చినది. 1938లో బడులలో హిందీని నిర్బంధం చేయగా పుట్టిన ఆందోళన, క్రమంగా ప్రత్యేక దేశపు కోరికగా మారినది. 1944లో సేలం మహాసభలో ఆ పార్టీ ద్రావిడర్ కళగం అయినది. 1949లో అణ్ణాదురై విడిపోయి ద్రావిడ మున్నేట్ర కళగం స్థాపించి అదే కోరికను కొనసాగించినారు. తమిళ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలవారు నలుగురు అన్నదమ్ములనీ, దక్షిణమంతా ఒకే ఇల్లనీ వారి వాదం.

కాని తక్కిన ముగ్గురూ ఆ ఇంటికి రాలేదు. ఆంధ్రులు కోరినది తమ రాష్ట్రం. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణాలర్పించగా, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినది. 1956 నవంబరు 1న కన్నడిగులకు, మలయాళీలకు కూడా ఎవరి ఇల్లు వారికి అమరినది. ఇక ద్రావిడనాడు తమిళదేశపు మాటగానే మిగిలినది.

ఉత్తరం పెరుగుతున్నది, దక్షిణం తరుగుతున్నది అనేది ఆనాటి ప్రధానమైన ఆర్థిక ఫిర్యాదు. అది వట్టి మాట అని తోసివేయరాదు. రెండవ పంచవర్ష ప్రణాళికలో భిలాయి, రూర్కెలా, దుర్గాపురం అని మూడు ఉక్కు కర్మాగారాలు లేచినవి. అందులో ఒక్కటీ దక్షిణాన లేదు. మనకు పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారం, నైవేలి బొగ్గుగనులు వచ్చినమాట నిజమే.

అయితే కోయంబత్తూరు బ్రతుకుతెరువు చూడండి. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లు పెట్టినారు. 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చిన తరువాత మిల్లులు వరుసగా లేచినవి. జి.డి. నాయుడుగారివంటి మనవారు విద్యుత్ మోటార్ల తయారీకి దారి తీసినారు. ఈ ఊరి నూలుకు, పంపుసెట్లకు దేశమంతా బజారే. ఇనుము, బొగ్గు రావలసినది మాత్రం ఉత్తరంనుండి. నడుమ సుంకపు చావడి వెలిస్తే ఏమయ్యేది? 1947 విభజనే జవాబు చెప్పినది. మంచి ప్రత్తి పండే సింధు, పశ్చిమ పంజాబు ఒకవైపు, మిల్లులు మరొకవైపు అయినవి. జనుము తూర్పు బెంగాలులో, జనపనార మిల్లులు కలకత్తాలో నిలిచినవి. 1949లో మన రూపాయి విలువ తగ్గించి, పాకిస్తాను తగ్గించకపోగా బేరం స్తంభించినది.

విడిపోయినవారందరూ చెడినారని కూడా అనలేము. 1965లో మలేషియానుండి వేరైన సింగపూరు తన రేవు బలంతో ధనికదేశమైనది. మన మిల్లులు నిలిచినది మాత్రం విశాలమైన బజారు మీద.

1962లో కళగానికి మద్రాసు శాసనసభలో 50 స్థానాలు వచ్చినవి. ఆ ఏడే అణ్ణాదురై రాజ్యసభలో ప్రత్యేక దేశపు కోరిక వినిపించినారు. అక్టోబరులో చైనా యుద్ధం వచ్చినది. 1963లో రాజ్యాంగపు 16వ సవరణ, ఎన్నికలలో నిలిచేవారు దేశ సమగ్రతకు ప్రమాణం చేయాలన్నది. కళగం కోరిక వదలుకొన్నది. 1967లో అధికారానికి వచ్చినది. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు అయినది. ప్రత్యేక దేశానికి బదులు రాష్ట్రాల హక్కుల వాదం బయలుదేరినది. దానికై 1969లో వేసిన సంఘానికి అధ్యక్షులు మన తెలుగు నాటకకర్త, మాజీ ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారే. ఆ తగవు తీరలేదు. 2011 జనాభాలో తమిళనాడు నూటికి ఇంచుమించు ఆరు. 2021–26కు రాష్ట్రాలకు పంచే కేంద్ర పన్నులలో దాని వాటా నూటికి 4.079.

ఇక మన వంతు. ఊహలోని ద్రావిడనాడులో తెలుగువాడు వాటాదారుడు. నిజంగా ఏర్పడిన తమిళ రాష్ట్రంలో అల్పసంఖ్యాకుడు. బజారు దక్కినది, బడి జారినది. తెలుగులో గ్రంథాలు వ్రాసిన రాజులు ఏలిన మధురలో నేడు తెలుగు అక్షరం రాని తెలుగు ఇళ్లు ఎన్నో. 2006 చట్టం పదవ తరగతివరకు తమిళం తప్పనిసరి చేసినది, మాతృభాష ఐచ్ఛికమైనది. తమిళం మన వీధి భాష, అన్నం పెట్టిన భాష. అది నేర్వడంలో నష్టమేమీ లేదు. 1956లో రాజ్యాంగంలో చేరిన 350–ఎ అధికరణం అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సౌకర్యం కల్పించమంటున్నది. అడిగే తల్లిదండ్రులు ఉంటేనే అటువంటి అధికరణానికి ప్రాణం వస్తుంది.

రాజ్యాలు ఎల్లలు మార్చుకొంటూనే ఉంటాయి. మనం ఏ ఎల్లనూ కోరలేదు. ఉన్న ఊరినే మన ఊరనుకొన్నాము. అందువల్ల మన భాషకు రాష్ట్రపు కాపు లేదు, ఇంటి కాపే ఉన్నది. అమ్మ పలకమీద దిద్దించే ఓనమాలు, తాత చదివి వినిపించే పద్యం – ఈ పని ఏ ప్రభుత్వమూ మనకు చేసిపెట్టదు. ఈ నెలనుండే ప్రతి ఇంటా ఒక పలక తీయండి.