పువ్వు లేని రోజున ఏమిస్తుంది?

మన శాఖ వరండా ముందు జాగా కొలిచి చూశాను. పది కుండీలు పడతాయి, అంతకు మించి పట్టవు. వాటిలో ఏం పెడదామో రాసివ్వమని మేడం అడిగితే ఎక్కువమంది బంతి, చామంతి అని రాశారు. నాది వేరే మాట.

బంతి విత్తిన రెండు నెలలకు పూస్తుంది, ఇంకో రెండు నెలలు కళకళలాడుతుంది, తర్వాత ఎండిపోతుంది. చామంతి రాత్రులు పొడుగయ్యే రోజుల్లోనే మొగ్గ తొడుగుతుంది. పూత అయిపోయాక పిలకలు వేస్తుంది గాని మళ్ళీ చలికాలం దాకా ఒట్టి ఆకే. సంక్రాంతికి రెండూ బాగుంటాయి, కాదనను. పదికి పదీ అవే అయితే మార్చి నుంచి మనం చూసేది మట్టినే కదా!

నా ఓటు ముందు కనకాంబరానికి. మన మద్రాసు ఉక్కపోత దానికి ఇష్టం. కొంచెం నీడనూ ఓర్చుకుంటుంది. కంకిలో అడుగునుంచి పైకి వరుసగా విచ్చుకుంటూ ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉంటుంది. వాసన లేదని కొందరు తీసిపారేస్తారు. కోసిన పువ్వు వాడకుండా ఎంతసేపు నిలుస్తుందో జడలో పెట్టుకున్నవాళ్ళకు తెలుసు. ఎండిన కాయ మీద నీళ్ళు పడితే టప్పున పగిలి గింజలు ఎగిరిపడతాయి, మొలకలు వాటంతటవే వస్తాయి. ఢిల్లీ కనకాంబరం అని అమ్మేది మాత్రం గింజ కట్టదు, కొమ్మ నాటుకోవాల్సిందే.

నందివర్ధనం (ఇక్కడివాళ్ళ నందియావట్టై) ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, పూజకు తెల్లపూలకు లోటుండదు. మందారం పువ్వు బతుకు ఒక్కరోజే, అయినా చెట్టు ఏడాదంతా పూస్తుంది. పిండినల్లి పడితే సబ్బునీళ్ళతో కడగాలి, అదొక్కటే తలనొప్పి.

కరివేపాకును పూలమొక్కల్లో ఎందుకు కలుపుతున్నావని మా క్లాసులో నవ్వారు. నల్ల సీతాకోకచిలుక ఒకటి దాని ఆకుమీదే గుడ్లు పెడుతుంది. చిన్న పురుగు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. జువాలజీవాళ్ళు కూడా మన వరండాకు వస్తారు చూడండి. కొసలు తుంచేకొద్దీ కొమ్మలు వేస్తుంది కాబట్టి క్యాంటీన్ అక్క కోసుకున్నా మనకు నష్టం లేదు.

పారిజాతం కావాలన్నవాళ్ళు ఇద్దరున్నారు. వానాకాలం చివర పూసే ఆ కొన్నాళ్ళు అందమే గాని అది చెట్టు, కుండీలో ఇమడదు. మల్లికి మాత్రం నా లెక్క వర్తింపజేయను. అది ఎండాకాలం పువ్వు, తక్కిన నెలలు ఊరకే ఉంటుంది, అయినా ఒకటి ఉండాలి. ఏటా చలికాలంలో కొమ్మలు కత్తిరిస్తే చాలు.

మొత్తం లెక్క: కనకాంబరం మూడు, నందివర్ధనం రెండు, మందారం, కరివేపాకు, మల్లి ఒక్కొక్కటి. మిగిలిన రెండూ చామంతికి ఇచ్చేద్దాం, అడిగినవాళ్ళు ఎక్కువమంది కదా. అక్టోబరు వానలు మొదలవగానే నాటితే వేరు బాగా పట్టుకుంటుంది. నందివర్ధనం కొమ్మలు మా ఇంటినుంచి తెస్తాను.

ఇక మే నెల సంగతి. అగ్నినక్షత్రం ఎండలకు మట్టికుండీ గోడలనుంచి కూడా నీళ్ళు ఆరిపోతాయి, కాలేజీకి సెలవులు. దగ్గర్లో ఇళ్ళున్నవాళ్ళు వంతులవారీగా రోజూ ఒక బిందె పోయాలి. ఒప్పుకునేవాళ్ళు ఈ కాగితం అడుగున పేరు రాయండి. మొదటి వారం నాది.