నౌకానిర్మాణం – నైపుణ్య పరంపర

ఓరుగల్లు సీమకు సముద్రతీరం లేదు. అయినా ఈ నేలను ఏలిన కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సముద్ర వాణిజ్యం విలువ ఎరిగిన ప్రభువు. తుఫానుకు పగిలి ఒడ్డుకు చేరిన ఓడలలోని సరకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పి, నిర్ణీత సుంకం మాత్రమే గ్రహిస్తామని 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకు వెయ్యేండ్ల పూర్వమే శాతవాహనుల నాణేలపై ఓడ బొమ్మ వెలసింది.

గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి, ఓడల నిర్మాణానికీ మరమ్మతులకూ పేరుగాంచిన రేవు. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే దాని ప్రసిద్ధిని ఊహించవచ్చు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. ఆపై ఆవిరి ఓడలు, ఇనుప ఓడలు వచ్చి కొయ్య ఓడల వైభవాన్ని అణచివేశాయి.

పరాయి పాలనలోనే ఈ విద్యను పునరుద్ధరించడానికి పూనుకొన్నవాడు సింధియా కంపెనీకి చెందిన వాల్‌చంద్ హీరాచంద్. 1941 జూన్ 21న విశాఖపట్నంలో నౌకా నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో విశాఖపై జపాను బాంబులు పడ్డాయి. అయినా సంకల్పం సడలలేదు. 1948 మార్చి 14న ‘జల ఉష’ను ప్రధాని నెహ్రూ జలప్రవేశం చేయించారు. 1952లో ఏర్పడిన హిందుస్థాన్ షిప్‌యార్డ్, 1961 నాటికి పూర్తిగా ప్రభుత్వపరమైంది.

ఓడ కట్టడమంటే ఉక్కు రేకులను కోసి, వంచి, భాగాలుగా కూర్చి, అతికించడం. ఒక్క అతుకు సరిగా లేకున్నా సముద్రం క్షమించదు. అందుచేత వెల్డరు చేతి నేర్పు, ఇంజనీరు లెక్క రెండూ సమానంగా అవసరం. ఈ నేర్పు ఏళ్ల తరబడి పనిచేస్తేనే అబ్బుతుంది. చేతిలో పని లేనప్పుడు నిపుణులు చెదరిపోతారు; వారు చెదరిపోతే తరువాతి ఓడ ఆలస్యమవుతుంది; ఆలస్యమైతే కొత్త పని రాదు. ఈ విషవలయమే మన పరిశ్రమను పీడించిన వ్యాధి. నేడు ప్రపంచ నౌకలలో అత్యధిక భాగం చైనా, దక్షిణ కొరియా, జపానులలోనే తయారవుతున్నాయి. మన వాటా నూటికి ఒకటి కంటే తక్కువ.

ఇప్పుడు మార్పు మొదలైంది. 2023 ఆగస్టులో విశాఖ నౌకాశాలకు నౌకాదళం కోసం అయిదు భారీ సహాయక నౌకలు నిర్మించే ఒప్పందం లభించింది. 2025 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నౌకానిర్మాణ రంగానికి 69,725 కోట్ల రూపాయల ప్రణాళికను ఆమోదించింది.

ధనం నౌకాశాలను నిలబెట్టగలదు. ఓడను నిర్మించేది మాత్రం మనిషి చేయి. ఆ చేతికి విద్య, ఎడతెగని పని, తగిన గౌరవం లభించాలి. గణపతిదేవుడు నాడు వర్తకునికి ఇచ్చిన అభయాన్ని నేడు జాతి తన శ్రామికునికి ఇవ్వాలి. సముద్రం లేని సీమలో పుట్టిన యువకునికైనా ఓడ కట్టే విద్య దూరం కాదు.