శిశువుల ఆహారము: దేనికి చెల్లింపు?

అమెరికా వ్యవసాయ శాఖ తన భోజన పథకమున చేరిన శిశు సంరక్షణ కేంద్రములకు పూట చొప్పున సొమ్ము చెల్లించుచున్నది. ఏడాది నిండని బిడ్డల విషయమున ఏది లెక్కకు వచ్చునో వివరింతుము.

ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు గాని, ఇనుము చేర్చిన డబ్బాపాలు గాని చాలును. పూటకు 4 మొదలు 6 ఔన్సులు. పిమ్మట 6 మొదలు 8 ఔన్సుల పాలతోపాటు, బిడ్డ ఘనాహారమునకు సిద్ధపడినప్పుడు, ఇనుము చేర్చిన ధాన్యపు జావ, గ్రుడ్డు, మాంసము, ఉడికిన పప్పు, పెరుగు, కూరలు, పండ్లు చేరును. పండ్లరసము లెక్కకు రాదు. పుట్టుకతో వచ్చిన ఇనుపనిలువ ఆరవ నెలకు తరుగును. ఇనుముపై ఇంత పట్టు అందులకే.

తల్లి స్వయముగా కేంద్రమునకు వచ్చి పాలిచ్చినచో పూర్వము చెల్లింపు లేకుండెను. 2017 అక్టోబరు 1 నుండి అదియు లెక్కకు వచ్చుచున్నది. పనివేళ విరామమున పరుగున వచ్చు తల్లి వలన కేంద్రమునకిక నష్టము లేదు.