ఆత్మరక్షణ విద్య – గుర్తింపు

1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పావెల్ నిర్వహించిన శిబిరంతో స్కౌటు ఉద్యమానికి బీజం పడింది. ‘సిద్ధంగా ఉండు’ అన్నది దాని నినాదం. మన దేశంలో 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ కూడా ఈ నినాదాన్నే స్వీకరించింది. ప్రథమ చికిత్స వంటి విద్యలలో నైపుణ్యం సాధించిన బాలబాలికలకు ఈ సంస్థ బ్యాడ్జీలను ప్రదానం చేస్తుంది.

ఆత్మరక్షణ కూడా అటువంటి విద్యయే. అనుచితమైన స్పర్శను గట్టిగా నిరాకరించడం, వెంటనే ఆ చోటు విడిచిపోవడం, నమ్మదగిన పెద్దలకు తెలపడం, అవసరమైతే 1098 సంఖ్యకు ఫోను చేయడం ఇందులోని ముఖ్యాంశాలు. కల్పిత సన్నివేశాల ద్వారా వీటిని అభ్యాసం చేయించి, నేర్చినవారిని అభినందించాలి. పిల్లల స్వానుభవాలను మాత్రం పదిమందిలో ప్రశ్నించరాదు.

అయితే, గుర్తింపు పొందినంత మాత్రాన రక్షణభారం పిల్లలపై పడదు. ఆపదలో భయంతో మూగబోయిన బిడ్డది దోషం కాదు. బాలలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిసిన పెద్దలు దానిని పోలీసులకు తెలియజేయకపోవడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం శిక్షార్హం. చెప్పడం నేర్చిన బిడ్డ మాటను విశ్వసించి ఆలకించేవారు ఉన్నప్పుడే ఆ విద్య సార్థకమవుతుంది.