సమను అందిన తేదీ

మహారాష్ట్రలోని చంద్రపూరులో ఉన్న తెలుగు వర్తకులపై దావా పడినచో వారేమి చేయవలెనో ఆదివారమునకు వ్రాసి గురువారములోగా పంపుడని సంపాదకులు ఆజ్ఞాపించినప్పుడు, బొగ్గుగనుల గుత్తేదారులను, బల్లార్పూరు కాగితపు మిల్లుకు సరకు చేరవేయు లారీల యజమానులను గూర్చి సవిస్తరముగా వ్రాయవచ్చునని తలచితిని; కాని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులోని ఒక చిన్న నియమము నన్ను పట్టుకొని విడువలేదు.

అది 8వ ఆర్డరులోని 4వ రూలు. ‘నీవు నాయొద్ద ఇంత సొమ్ము పుచ్చుకొంటివి’ అని వాది ఆరోపించినపుడు, ‘అంత సొమ్ము పుచ్చుకొనలేదు’ అని ప్రతివాది జవాబు దావాలో వ్రాసిన చాలదట. ఆ మొత్తమును గాని, అందులో ఏ కొంచెమును గాని పుచ్చుకొనలేదనవలెను, లేదా పుచ్చుకొన్నదెంతో చెప్పవలెను. లారీ బాడుగ ఐదు లక్షలు బాకీయన్నవానికి ‘ఐదు లక్షలా? అబద్ధము!’ అని గద్దించి ఊరకున్న వర్తకుడు, నాలుగు లక్షల సంగతి చెప్పకయే చెప్పినవాడగును. నూరేండ్లు దాటినను ఈ రూలు మనుష్యుని నాలుకను ఇంత చక్కగా ఎరిగియున్నదే యని నాకు దీనిపై మమకారము. తరువాతి రూలు మరింత కఠినము: స్పష్టముగా కాదనని సంగతి ఒప్పుకొన్నట్లే. కావున దావాపత్రమును పేరా వెంట పేరా చదివి, చిట్టాలు, చలానులు, బిల్లులు, వాట్సాప్ సందేశములు ఎదుట పెట్టుకొని వకీలుతో కూర్చుండవలెను. మరాఠీలో బేరమాడుట వేరు, మరాఠీ దావాను చదువుట వేరు; తెలిసినవారిచేత అక్షరమక్షరము చదివించుకొనుట మేలు.

‘సమను పుచ్చుకొనకున్న గొడవ లేదు’ అను సలహా మన బజారులలో ఉచితముగా దొరకును. అట్లు నిరాకరించినచో, అందినట్లే భావించి కోర్టు ముందుకు సాగగలదు. మూడు లక్షలు, అంతకు పైబడిన వాణిజ్య వివాదమునకు 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టము ప్రకారము జవాబు గడువు సమను అందిన నాటినుండి 30 దినములు. కారణము చూపి, ఖర్చులు చెల్లించి 120 దినములవరకు పొడిగింపించుకొనవచ్చును. అటుపైన తలుపు మూయబడును. ఎస్.సి.జి. కాంట్రాక్ట్స్, కె.ఎస్. చమన్‌కర్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సంస్థల వ్యాజ్యములో సమను 2017 జులై 14న అందినది. 120 దినములు నవంబరు 11తో ముగిసినవి. జవాబు డిసెంబరు 15న దాఖలైనది. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జవాబును రికార్డునుండి తొలగింపజేసెను. దావాయే నిలువదని ప్రతివాది నడుమ వేసిన దరఖాస్తు గడియారమును ఆపలేకపోయెను. మామూలు దావాలకు 90 దినముల హద్దు కలదుగాని, అసాధారణ కారణములున్నచో అది దాటవచ్చునని 2005లో కైలాష్, నన్హకూల కేసులో అదే కోర్టు అనెను. వాయిదాలతోనే కాలము గడపగలమను వకీలు మాటను నేనెన్నడును పూర్తిగా నమ్మజాలను.

చరిత్ర సంగతి క్లుప్తముగా: గోండు రాజుల కోటగల ఈ చంద్రపూరు పూర్వము చాందా అను పేరుతో మధ్యపరగణాలలోనిది, పొరుగు రాజూరా తాలూకా నిజాము ఆదిలాబాదుదై, 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1959లో ఈ జిల్లాకు చేరెను. నేడు ఇచ్చటినుండి హైకోర్టుకు పోవు అప్పీళ్లు బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచికి చేరును.

బాక్సులో

37వ ఆర్డరు క్రింద వచ్చిన సమ్మరీ దావాయైనచో, కోర్టులో హాజరు తెలుపుటకు 10 దినములే. గైర్హాజరైనందున ఏకపక్ష డిక్రీ పడినచో, దాని రద్దుకు దరఖాస్తు గడువు 30 దినములు. వాణిజ్య దావాలో వాది అత్యవసర ఉత్తర్వు కోరనిచో, ముందుగా మధ్యవర్తిత్వమునకు వెళ్లినాడా లేదా యని చూడవలెను. వెళ్లనిచో దావాపత్రమే తిరస్కరింపబడునని 2022లో పాటిల్ ఆటోమేషన్ తీర్పు. వాదియే మీకు బాకీపడియున్నచో, జవాబుతోపాటు ఎదురుదావా వేయవచ్చును.